రెడ్డిగూడెం హమ్‌డింగరు

నూజివీడు వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, రసాలు తెచ్చావా అని. తెచ్చాను. అయిపోయాయి. ఎందుకు వెళ్ళావని మాత్రం ఎవరూ అడగడం లేదు. అడిగినా చెప్పడానికి నాకు మొహమాటమే. ఒక్క ఇంగ్లీషు మాటకి అర్థం చెప్పడానికి విజయనగరం నుంచి అంత దూరం రైలెక్కి వెళ్ళానంటే, రిటైరయ్యాక టీచరుగారికి కాస్త మతి చలించింది అనుకుంటారు. అనుకుంటే అనుకోనీ అని రాసేస్తున్నాను.

నన్ను పిలిచింది కనకం. మేమిద్దరం చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. దాన్ని నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే శేషగిరి గారికిచ్చి చేశారు. ఫోన్లో అది చెప్పిన కథ ఇది. వాళ్ళకి కాయలు వచ్చే రెడ్డిగూడెం తోటలో సామ్రాజ్యం అనే ఆవిడ పనిచేస్తుంది. వేసవి వస్తే ఊళ్ళో ఇళ్ళకే కాదు, నూజివీడులో కనకం వాళ్ళింటికి కూడా ఆవకాయ కలిపేది ఆవిడే. ఆవిడ చెయ్యి పడితే ఏడాదంతా ముక్క మెత్తబడదు. రెండు వేసవుల కిందట ఎవరో అమెరికా పెద్దాయన, అక్కడ పళ్ళతోటల రైతట, ఈ తోట చూడటానికి వచ్చాడు. సామ్రాజ్యం పెట్టిన ఆవకాయ ముద్ద తిని ఏదో మాట అన్నాడు. అది తిట్టని అక్కడున్న వాళ్ళు తేల్చారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆవకాయ కలపడం మానేసింది.

"నిరుడంతా కొట్లో కొన్న పచ్చడే తిన్నాం. ఈ ఏడు కూడా అదే అయితే నేను పుట్టింటికొచ్చేస్తాను," అంది కనకం. ఇంతకీ ఆ మాటేమిటే అంటే, కాసేపు తడుముకుని, "హమ్‌డింగర్," అంది.

నాకు నవ్వాగలేదు. అది తిట్టు కాదే అన్నాను. ఆ ముక్క ఇక్కడికొచ్చి చెప్పు, ఫోన్లో చెబితే చెల్లదు అంది. వానలు మొదలైతే కాయ పచ్చడికి పనికిరాదు కాబట్టి వెంటనే బయల్దేరమంది. పాఠాలు చెప్పినన్నాళ్ళూ నా ఇంగ్లీషు కోసం ఎవరూ ఇంత ఆత్రపడలేదు. అందుకే ఒప్పుకున్నాను.

నూజివీడు లేని స్టేషను

నూజివీడు స్టేషన్లో దిగితే నూజివీడు కనపడదు. కొత్తవాళ్ళకి ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. కనకం కూడా చెప్పలేదు. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయ్యాక అది దానికి వింతగా తోచడం మానేసినట్టుంది. నిలబడుతూ నిలబడుతూ వచ్చిన రైలు నన్ను దింపి వెళ్ళిపోయాక చుట్టూ చూస్తే బాపులపాడు వైపు పొలాలు, ఎండ, ఒక ఆటో ఉన్నాయి. నూజివీడు వెళ్ళాలన్నాను. ఇదే నూజివీడండీ అన్నాడు ఆటో అతను. మరి ఊరేది అంటే, ఊరు నూజివీడులో ఉందండీ అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

ఆటో హనుమాన్ జంక్షన్ దాకా వచ్చి, మనుషులు నిండేదాకా కదలనంది. ఈలోపు టిఫిను కానిచ్చాను. ఇడ్లీ మీద ఇంత కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి ఇచ్చారు. మా వైపు పచ్చడిలో పిసరంత బెల్లం తగిలినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడి వాళ్ళు తీపిని పళ్ళకి వదిలేసి, తక్కిన అన్నిట్లోనూ కారం వేస్తారు. నాకేమో కడుపులో మంట. కారం ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పి, గులాబీరంగు మందు సీసా ఒకటి చేతికిచ్చాడు. ఆ సీసా ఈ ప్రయాణమంతా నా హ్యాండుబ్యాగులోనే ఉంది. ఇడ్లీ తిన్నాక దానికి మొదటి పని తగిలింది.

ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఎక్కడి నుంచి, ఎవరింటికి, ఎందుకు, పిల్లలెందరు అని వరసగా అడిగింది. మా ఊళ్ళో ఈ ప్రశ్నలు ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాక అడుగుతారు. ఇక్కడ ఆటో గేరు మారేలోపే అయిపోతాయి. శేషగిరి గారింటికి అనగానే ఆవిడ ముఖం వెలిగింది.

"ఆ డింగరు సంగతికాండీ?" అంది. నేను తెల్లబోయాను. ఆవిడే నాకు వివరించింది. ఎవరో దొర రెడ్డిగూడెం ఆవకాయ తిన్నాడట, అక్కడికక్కడే డెంగీ వచ్చిందట, పాపం ఎలా ఉన్నాడో ఏమో. అది డెంగీ కాదమ్మా, ఒక మాట అన్నాను. మాట వల్ల వచ్చిందాండీ అని ఆవిడ ఇంకా బాధపడింది. 

శేషగిరి గారి పప్పు

వేసవిలో నూజివీడుకి దారి అడగక్కర్లేదు, వాసన పట్టుకుని వెళ్ళిపోవచ్చు. రేకుల షెడ్ల కింద గడ్డి పరిచి కాయలు రాశులు పోశారు. ఢిల్లీకి, నాగపూరుకి వెళ్ళే లారీలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. మా వైపు సువర్ణరేఖ ధర చెబితే నూజివీడు కొట్టతను జాలిగా చూసి, అంత పెట్టి కోసుకుని తినే పండు కొంటారాండీ అన్నాడు. పండన్నాక పిసికి, ముచ్చిక తీసి, జుర్రుకోవాలట. పళ్ళెంలో ముక్కలు పెట్టుకుని తినడం ఆస్పత్రిలో చెయ్యాల్సిన పనట. విజయనగరం పరువు కోసం నేను గట్టిగానే వాదించాను. తర్వాత అతను చేతికిచ్చిన చిన్నరసం పిసకడం తెలియక నా కొత్త చీర మీదంతా చిమ్ముకున్నాను. ఆ తర్వాత నా వాదన ఎవరూ పట్టించుకోలేదు.

శేషగిరి గారు మంచి మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అన్ని ఊళ్ళ వ్యాపారులతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకి అన్ని భాషలూ కాస్త కాస్త వచ్చు. ఢిల్లీ వాళ్ళ కోసం హిందీ, మద్రాసు వాళ్ళ కోసం అరవం, పెద్దవాళ్ళొస్తే ఇంగ్లీషు. ఏ భాషా పూర్తిగా రాకపోవడం వల్ల ఆయనకి దేని మీదా అనుమానం రాదు. ఆ రోజు తోటలో అమెరికా ఆయన మాటలకి తెలుగు చెప్పింది ఈయనేనని నాకు భోజనాల దగ్గర తెలిసింది.

ఆ భోజనం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ముద్దపప్పు, నెయ్యి, అప్పడం. మధ్యలో కొట్లో కొన్న ఆవకాయ సీసా, మూత తియ్యకుండా. ఇది మామూలు రోజుల్లో కూడా ఇంతేనా అని కనకాన్ని అడిగాను. తప్పు చేసిన వాళ్ళకి ఇంతే అంది. శేషగిరి గారు వినపడనట్టు పప్పు కలుపుకున్నారు.

చెయ్యి కడుక్కున్నాక ఆయన నన్ను కూర్చోబెట్టి తన వైపు న్యాయం చెప్పారు. చాలా ఓపిగ్గా, మాటని రెండుగా విరిచి మరీ చెప్పారు. హమ్ అంటే హిందీలో మనం. డింగర్ అంటే డింగరి. వాళ్ళ తాతగారు వేషాలమారి మోసగాణ్ణి డింగరి అనేవారట. రెండూ కలిపితే, మనమంతా మోసగాళ్ళమని ఆ పెద్దాయన అన్నాడన్నమాట. ముద్ద లోపల అంత కారం దాచిపెట్టి చెప్పకుండా తినిపించారు కాబట్టి మోసమన్నాడు. ఇందులో తప్పేముందో చెప్పండి టీచరుగారూ అన్నారు.

అమెరికా ఆయన సగం హిందీ, సగం తెలుగు కలిపి ఎందుకు తిడతాడండీ అన్నాను. అతిథి కదా, మన భాషలో తిడదామని మర్యాదకి ప్రయత్నించి ఉంటాడన్నారు. 

కనకానికి కోపం వస్తే మాత్రం మా విజయనగరం యాస బయటికొస్తుంది. "ఏటి మర్యాద? ఆ మర్యాదకే నేను రెండేళ్ళుగా పప్పు తింటున్నాను," అంది.

శేషగిరి గారు సాక్ష్యం కోసం నన్ను మార్కెట్‌కి తీసుకెళ్ళారు. అక్కడ నాగపూరు దాటి ఎక్కడి నుంచో వచ్చిన లారీ డ్రైవరుని ఆపి, హమ్‌డింగర్ అంటే ఏంటి భాయీ అని హిందీలో అడిగారు. అతను పాపం మాటని నోట్లో నాలుగుసార్లు తిప్పి, హమ్ డంగర్ అంటున్నారా, మా ఊళ్ళో డంగర్ అంటే గొడ్లు అన్నాడు. శేషగిరి గారు నా వైపు తిరిగి చూశారు. మోసగాళ్ళం కాకపోతే గొడ్లం, ఎలా చూసినా తిట్టేనండీ అన్నారు. ఆ క్షణంలో నాకు కూడా నా చదువు మీద చిన్న అనుమానం కలిగిందని ఒప్పుకోవాలి.

ముక్కు కనిపించే వీడియో

మర్నాడు పొద్దున్న కనకం అసలు సాక్ష్యం బయటపెట్టింది. ఆ రోజు జరిగిందంతా శేషగిరి గారు ఫోన్లో వీడియో తీశారట. ఇంతకాలం ఎవరికీ చూపించలేదు. ఎందుకో చూశాక అర్థమైంది. కెమెరా ముందువైపుకి తిరిగి ఉందని ఆయన చూసుకోలేదు. తోట లేదు, అమెరికా ఆయన లేడు, సామ్రాజ్యం లేదు. మొదటి నుంచి చివరిదాకా శేషగిరి గారి ముక్కు, పైన కొద్దిగా మామిడాకులు.

కానీ మాటలు శుభ్రంగా వినపడుతున్నాయి. ఎవరో ముద్ద నములుతున్న చప్పుడు. తర్వాత ఒక పెద్దాయన గొంతు, లోపలి నుంచి తన్నుకొచ్చినట్టు, "హమ్‌డింగర్!" వెంటనే శేషగిరి గారి ముక్కు కాస్త ముడుచుకుని, "మనల్ని డింగరులంటున్నాడు," అంది. ఆ తర్వాత ఎక్కడో ఠప్పుమని ఏదో చప్పుడైంది. అప్పుడు ఆ పెద్దాయన మళ్ళీ మెల్లిగా, చిన్నపిల్లాడు అడిగినట్టు, "మోర్? ప్లీజ్?" అన్నాడు. శేషగిరి గారు గట్టిగా కేకేశారు, "మజ్జిగ! మజ్జిగ పట్రండి!" అంతే. వీడియో అయిపోయింది.

మజ్జిగ ఎందుకండీ అని అడిగాను. మోర్ అన్నాడు కదండీ, అరవంలో మోర్ అంటే మజ్జిగ అన్నారాయన. కనకం నెత్తి కొట్టుకుంది. మోర్ అంటే ఇంకా అని ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు అంది. నాకూ తెలుసు అన్నారు శేషగిరి గారు, చాలా నొచ్చుకుని. "కానీ నోరు మండుతున్నవాడు ఇంకా కావాలంటాడా? మజ్జిగ కావాలంటాడా? నువ్వే చెప్పు."

ఆలోచిస్తే ఆయన మాటలోనూ సబబు ఉంది. ఆ పెద్దాయన మజ్జిగ తాగాడా అని అడిగాను. చేతిలో గ్లాసు పెడితే తాగాడండీ, మంచివాడు అన్నారు.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇక డిక్షనరీలతో పనే లేదు. తిట్టినవాడు ఇంకా పెట్టమని అడగడు కదా. కేసు గెలిచేశానని, సామ్రాజ్యం ఎగిరి గంతేస్తుందని, సాయంత్రానికి ఊరంతా ఆవకాయ ఘాటుతో తుమ్ముతుందని అనుకున్నాను.

జి. కొండూరు మీదుగా

కాయలు తెచ్చే ట్రాలీ ఆటోలో బయల్దేరాం. నాకూ కనకానికీ ముందు సీటు, శేషగిరి గారు డ్రైవింగు. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళడానికి జి. కొండూరు ఎందుకు తగలాలో నాకు అర్థం కాలేదు. అక్కడ ఒక తోట కాపు చూడాలన్నారు. చూశాం. టీ తాగాలన్నారు. తాగాం. కాస్త దూరం పోయాక ఇంకో చోట ఇంకా మంచి టీ ఉందన్నారు. ఆ రెండో టీ దగ్గర కనకం నా చెవిలో, భయపడుతున్నాడే అంది. ఎవరికి అన్నాను. సామ్రాజ్యానికి అంది.

దారి పొడుగునా రెండు పక్కలా తోటలే. కొమ్మలు బరువుకి వంగి, కింద వెదురు కర్రలు ఊతం పెట్టించుకుని నిలబడ్డాయి. మా వైపు జీడితోటల మధ్య అక్కడక్కడ మామిడి కనబడుతుంది. ఇక్కడ మామిడి మధ్య అక్కడక్కడ మనుషులు కనబడతారు. పడమటి వైపు మబ్బు పట్టడం నేనూ చూశాను, కనకమూ చూసింది. శేషగిరి గారు మూడో టీ సంగతి ఎత్తలేదు.

తోటలో పాఠం

మేం చేరేసరికి తోటలో పనివాళ్ళు క్యారేజీలు విప్పుకుంటున్నారు. సామ్రాజ్యం లేచి వచ్చింది. ఎత్తయిన మనిషి. జుట్టంతా తెల్లబడినా నడక మెత్తబడలేదు. నాకు మంచినీళ్ళిచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టింది. శేషగిరి గారికీ ఇచ్చింది, ముఖం మాత్రం చూడలేదు. పక్కకి వెళ్ళి మాట్లాడుకుందామా అని అడిగాను.

"వద్దండీ. ఆ రోజు అందరూ విన్నారు. ఈ రోజూ అందరూ వినేట్టే చెప్పండి," అంది.

అలా మామిడిచెట్ల కింద నా జీవితంలో ఆఖరి ఇంగ్లీషు క్లాసు జరిగింది. హమ్‌డింగర్ అంటే తన జాతిలో తనంతటిది లేదనిపించేదని చెప్పాను. అది పాతకాలం మాట, అమెరికాలోనూ ఇప్పటి పిల్లలు అంటే నవ్వుతారని, తాతలే అంటారని చెప్పాను. మన తాతలు తొడ చరిచి సెబాసు అనేవారు చూడండి, అలాంటిదన్నాను. ఇందులో హిందీ లేదు, తెలుగు లేదు, గొడ్లు అసలే లేవు.

వాడుక చెబితేగాని మాట ఒంటబట్టదని నా నమ్మకం. అందుకని ఎక్కడ అనొచ్చో, ఎక్కడ అనకూడదో చెప్పడం మొదలుపెట్టాను. చల్లటి నీళ్ళు తాగి అనకూడదు, అది మామూలు సంగతి. కొమ్మలన్నీ విరిచేసిన గాలివాన వచ్చిందనుకోండి, అది మంచిది కాకపోయినా అనొచ్చు. ఒకాయన చెయ్యెత్తి, మా గేదె నన్ను తన్నిన తన్ను అలాంటిదేనండీ అన్నాడు. మచ్చ చూపిస్తే ఒప్పుకున్నాను. ఒకావిడ మా అత్తని అనొచ్చా అని అడిగింది. మంచికా చెడుకా అన్నాను. రెంటికీ అంది. అయితే ఖాయంగా అనొచ్చన్నాను. అందరూ ఒక్కసారిగా తమ తమ అత్తల గురించి మాట్లాడటం మొదలెట్టారు. క్లాసు నా చేతిలోంచి జారిపోయింది. పాఠాలు చెప్పినన్నాళ్ళూ నాకు దొరకని విద్యార్థులు వీళ్ళే.

సామ్రాజ్యం ఒక్కతే నవ్వలేదు. అందరూ సద్దుమణిగాక అడిగింది, "అయితే నేను మోసం చేశానని కాదా?" కాదన్నాను. గొడ్డునని కూడా నిన్న మార్కెట్లో ఎవరో అన్నారటగా అంది. అదీ కాదన్నాను. అందరూ శేషగిరి గారి వైపు చూశారు. ఆయన కొమ్మల్లోకి చూస్తూ కాయలు లెక్కపెడుతున్నట్టు నటించారు.

అప్పుడు నేను నా బ్రహ్మాస్త్రం తీశాను. ఫోన్ అడిగి తీసుకుని వీడియో వినిపించాను. మాట వినపడింది, చప్పుడు వినపడింది, ఆ చిన్న గొంతు మోర్ ప్లీజ్ అంది. ఇది విన్నారా, మోర్ అంటే మజ్జిగ కాదు, ఇంకా పెట్టమని అర్థం అన్నాను. తిట్టేవాడైతే ఇంకో ముద్ద పెట్టమని అడుగుతాడా అన్నాను. చప్పట్లు కొడతారేమోనని చూశాను కూడా.

ఎవరూ కొట్టలేదు. సామ్రాజ్యం ముఖంలో నెత్తురు లేదు.

"ఆ ఠప్పుమన్నది నా జాడీ మూతండీ," అంది. "ఆయన చెయ్యి చాచాడు. నేను చూశాను. నన్ను మోసగత్తెనన్నోడికి మళ్ళీ ఎందుకు పెట్టాలని, చాచిన చెయ్యి చూస్తూ మూత పెట్టేశాను." చేతులు చీరకి తుడుచుకుంది. "తిట్టయితేనే బాగుండేది టీచరుగారూ," అంది చివరికి. లేచి వెళ్ళి తన పాక గుమ్మంలో, మాకు వీపు పెట్టి కూర్చుంది.

చేతిలో పెట్టిన గ్లాసు

ఇంత చదువూ చదివి నేను చేసింది ఇది. రెండేళ్ళుగా ఒక తిట్టు మోస్తున్న మనిషికి ఆ తిట్టు తీసేసి, ఆకలితో చాచిన చెయ్యి అప్పజెప్పాను. తిట్టు ఎదుటివాడిది కాబట్టి దాన్ని మొయ్యొచ్చు. ఇది ఆవిడ సొంతం. నాకు నా మీదే విసుగొచ్చింది. నూజివీడు స్టేషన్లోనే వెనక్కి తిరిగి రైలెక్కాల్సింది.

ఎవరికీ అన్నం సహించలేదు. ఆ పెద్దాయనకి ఒక జాడీ పంపిస్తే పోదా అని కనకం అంది. ఎక్కడికని పంపడం? ఎవరి వెంటో వచ్చాడు, తోట చూశాడు, వెళ్ళిపోయాడు. పేరు కూడా ఎవరికీ సరిగ్గా పట్టుబడలేదు. శేషగిరి గారు చెట్టు మొదలు దగ్గర కాసేపు అటూ ఇటూ తిరిగి, పాక దాకా వెళ్ళి, గుమ్మానికి కొంచెం ఇవతల నిలబడ్డారు.

"మూత నువ్వు పెట్టావు సామ్రాజ్యం. పెట్టించింది నేను," అన్నారు. "ఆ చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టిందీ నేనే. నాకు ఆ మాట తెలీదు. తెలీదని చెప్పడం చేతకాలేదు."

ఆవిడ తిరగలేదు. కానీ అలా అన్నాక ఆయన ముఖం తేటపడింది. కనకం ఆయన్ని చూసిన చూపులో కూడా పప్పు కాస్త తగ్గింది. అంతలో పడమట ఉరిమింది. సామ్రాజ్యం తలెత్తి మబ్బు వంక చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, చీర కుచ్చెళ్ళు బిగించి, "జలాలు దించండి. చుక్క పడక ముందే దించండి," అంది.

జలాలంటే ఆ వైపు పచ్చడికి పెట్టే పులుపు కాయలు. తోటంతా ఒక్కసారి పరుగందుకుంది. చెట్లెక్కేవాళ్ళు ఎక్కారు, కాయలు నేల మీద పడకుండా చిక్కాల్లో దించారు. తుడిచేవాళ్ళు తుడిచారు, టెంకతో సహా ముక్కలు కొట్టేవాళ్ళు కొట్టారు. కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె ఎవరింట్లోంచి వాళ్ళు పరిగెత్తి తెచ్చారు. రెండేళ్ళుగా ప్రతి ఇంట్లోనూ అన్నీ సిద్ధంగా ఉంచుకునే కూర్చున్నారని అప్పుడు తెలిసింది. నేను సాయం చేద్దామని ముక్కలు తుడవబోతే, మీ వైపు బెల్లం వేస్తారటగా, దూరంగా కూర్చోండి అన్నారు. కూర్చున్నాను.

సామ్రాజ్యం పెద్ద బేసిను ముందు కూర్చుని మోచేతుల దాకా కలిపింది. చెయ్యి ఆగలేదు, ఏదీ రుచి చూడలేదు. కలిపింది కలిపినట్టు జాడీలకెత్తింది. తర్వాత బేసిన్లో అంటుకున్న గుండలో వేడి వేడి అన్నం పోయించింది. ఆ బేసిను అన్నం కోసం మా విజయనగరంలోనూ పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఈ ఒక్క విషయంలో రెండు వైపులకీ తేడా లేదు.

రెండో ముద్ద

అందరూ చుట్టూ చేరారు. సామ్రాజ్యం నన్ను పిలిచింది. ఆవిడ పక్కన ఒక పాత జాడీ ఉంది. ఆనాటి జాడీ అదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొత్త ఆవకాయ దాన్నిండా ఉంది. మూత ఆవిడ ఎడమ చేతిలో ఉంది.

"ఆయన ఎక్కడున్నాడో తెలీదు. ఆయన మాట తెలిసిన మనిషివి నువ్వే కదమ్మా," అంది. అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి. "ఆయన బదులు నువ్వు చెయ్యి పట్టు."

కనకం వెనక నుంచి నా కడుపు సంగతి సైగ చేసింది. డాక్టరు కూడా గుర్తొచ్చాడు. చెయ్యి పట్టాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ముందు ఆవఘాటు ముక్కులోంచి మాడుకెక్కింది. తర్వాత కారం వచ్చి అక్కడ ఏమీ మిగలకుండా ఊడ్చేసింది. ఆ వెనక పులుపు, ఆఖర్న నూనె కమ్మదనం వచ్చాయి. కళ్ళవెంట, ముక్కువెంట కారిపోతోంది. మాట్లాడబోతే నోట్లోంచి హమ్మని మాత్రం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ముందుకి వంగారు. నాకు ఇంగ్లీషులో ఉన్న మంచి మంచి మాటలన్నీ గుర్తుచేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. ఆ ముసలాయన ఇప్పుడెక్కడున్నాడో గాని, సరైన మాటే అన్నాడు.

"డింగర్," అని పూర్తిచేశాను.

ఎవరూ నవ్వలేదు. సామ్రాజ్యం నా చేతి వైపే చూస్తోంది. నేను చెయ్యి మళ్ళీ చాచాను.

"మోర్," అన్నాను.

శేషగిరి గారు అలవాటు కొద్దీ మజ్జిగ గ్లాసుతో లేచారు. మళ్ళీ తనే కూర్చున్నారు.

సామ్రాజ్యం జాడీలోంచి ఇంకో ముక్క తీసి, బేసిన్లో అన్నంతో కలిపి, మొదటిదానికంటే పెద్ద ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. అది తిన్నాను. మళ్ళీ చాచాను, మళ్ళీ పెట్టింది. నా కళ్ళ నీళ్ళు కారానివి. ఆవిడవి కావు. మామిడాకుల మీద చుక్కలు పడటం మొదలైంది. ఎవరూ కదల్లేదు. హ్యాండుబ్యాగులోని గులాబీరంగు సీసా గుర్తొచ్చేదాకా తిని, చాలమ్మా అన్నాను.

అప్పుడు సామ్రాజ్యం మూత పెట్టింది. చప్పుడు కాలేదు.